మంచు తోసే మనిషికి ఇల్లు

కిందటి వేసవిలో డాలస్ పక్కనున్న కాపెల్‌లో స్నేహితుల ఇంటికి భోజనానికి వెళ్ళాం. వాళ్ళమ్మాయి అనన్య మాస్టర్స్ పూర్తిచేసి, అక్కడికి దగ్గర్లోనే ఒక చిన్న సిటీ ఆఫీసులో ఉద్యోగంలో చేరబోతోంది. ప్లేటు పట్టుకుని నా పక్కన కూర్చుంది. "ఆంటీ, మీరు టౌన్ మేనేజర్ కదా, ఎగ్జాక్ట్‌గా ఏం చేసేవాళ్ళు? మామ్ అయితే మీరు స్నో క్లీన్ చేసేవాళ్ళు అంది" అని అడిగింది.

వాళ్ళమ్మ సిగ్గుపడి వంటింట్లోకి వెళ్ళిపోయింది కానీ, ఆ మాటలో పెద్ద తప్పేమీ లేదు. కొలరాడో కొండల్లో ఒక చిన్న ఊరికి నేను చాలా ఏళ్ళు మేనేజరుగా పనిచేసి రిటైరయ్యాను. ఆ పూట బిర్యానీ ముందు కూర్చుని అనన్యకి సరిగ్గా చెప్పలేకపోయాను. ఇలాంటి ఉద్యోగాల్లోకి మన పిల్లలు ఇప్పుడిప్పుడే వస్తున్నారు కనుక, వాళ్ళకోసం ఇది రాస్తున్నాను. ప్రమోషన్ల గురించీ ఫైళ్ళ గురించీ రాయను. అవి చదివేవాళ్ళకి గుర్తుండవు, నాకే గుర్తులేవు. ఊరి పేరు కూడా రాయను. రాస్తే అక్కడి ప్రతివాళ్ళూ తమ గురించే రాశానంటారు. రాయకపోయినా అంటారు, అది వేరే సంగతి.

ఊరు ఎలా ఉంటుందంటే

రెండు కొండల మధ్య ఇరుకైన లోయ. మధ్యలో ఒక వాగు, వాగు పక్కన ఒకే ఒక్క పెద్ద వీధి. పడమటి చివర కనుమ దారి ఉంది, అది చలికాలమంతా మూసే ఉంటుంది. తూర్పు చివర లోయ కిందికి దిగే రోడ్డు. చలికాలంలో ఊరికి రావాలన్నా పోవాలన్నా అదొక్కటే దారి. సముద్రమట్టానికి తొమ్మిది వేల అడుగుల పైన ఉన్నాం కాబట్టి నీళ్ళు తొందరగా మరుగుతాయి, పప్పు మాత్రం ఎంతకీ ఉడకదు.

మావారు ప్రభాకర్ అప్పట్లో మిచిగన్‌లోని నోవైలో ఒక కార్ల కంపెనీలో ఇంజనీరు. నేనూ అక్కడే రోడ్ల శాఖలో పనిచేసేదాన్ని. కొలరాడోలో ఈ ఉద్యోగం వచ్చిందని చెబితే ఆయన కాసేపు ఆలోచించి, "మిచిగన్‌లో మంచు సరిపోవట్లేదా నీకు?" అన్నారు. అన్నారు కానీ, ఇంటి నుంచే చేసుకునే పని ఒకటి వెతుక్కుని నాతో వచ్చేశారు. కుక్కర్ ముందు నిలబడి, ఇంకో నాలుగు విజిళ్ళు రానిమ్మంటూ ఆ కొండల్ని తిట్టుకోవడం ఆయన దినచర్య.

ఆ ఊళ్ళో వాగుకి ఉత్తరాన ఉన్న వాలుమీద చలికాలంలో కూడా ఎండ పడుతుంది. దక్షిణపు ఒడ్డు కొండ నీడలో ఉంటుంది, కొన్ని వారాలపాటు అక్కడివాళ్ళకి సూర్యుడు కనపడడు. అందరూ ఎండవైపు, నీడవైపు అంటారు. ఎండవైపున్నవి పెద్ద పెద్ద ఇళ్ళు. వాటి యజమానుల్లో చాలామంది డాలస్ నుంచో షికాగో నుంచో క్రిస్మస్‌కీ జులైకీ వచ్చిపోతారు. మిగతా కాలమంతా ఆ ఇళ్ళలో దీపాలు వాటంతటవే వెలిగి వాటంతటవే ఆరుతుంటాయి. నీడవైపున్నవి వెండి గనుల కాలం నాటి చెక్క ఇళ్ళు. ఏడాది పొడుగునా మనుషులుండేది వాటిల్లోనే.

మూడో రకం మనుషులు ఊళ్ళో పనిచేస్తారు, ఊళ్ళో ఉండరు. స్కీ కొండ మీద లిఫ్ట్ నడిపేవాళ్ళు, హోటల్ గదుల్లో పక్కలు సర్దేవాళ్ళు, బళ్ళో టీచర్లు, క్లినిక్ నర్సు. ఊళ్ళో అద్దెలు వాళ్ళకి అందవు. గంటకు పైగా ప్రయాణం చేసి కిందనున్న ఊరి నుంచి రోజూ పైకి వస్తారు.

వెండి ఎప్పుడో అయిపోయింది. ఇప్పుడు ఊరిని పోషించేది మంచే. మంచు పడితే స్కీ చేసేవాళ్ళు వస్తారు, హోటళ్ళు నిండుతాయి. పడకపోతే ఊరంతా మొహం వేలాడేసుకుంటుంది. తీరా పడ్డాక, దీన్నెవరు తీస్తారని నన్ను అడుగుతుంది. మా ఆదాయం ఆకాశం నుంచే పడేది, మా కష్టాలూ అక్కణ్ణుంచే పడేవి.

మేయరు గారి కొట్టు

టౌన్ మేనేజరంటే మేయరు కాదు, అనన్యా. మేయరుని జనం ఎన్నుకుంటారు. కౌన్సిల్‌తో కూర్చుని ఏం చెయ్యాలో మేయరు తేలుస్తారు. అది జరిగేట్టు చూడ్డం మేనేజరు పని. జరిగితే మేయరు చేశారంటారు, జరక్కపోతే మేనేజరు చెయ్యలేదంటారు. ఈ రెండు ముక్కలు ముందే తెలిస్తే నీకు సగం బాధ తప్పుతుంది.

మా మేయరు బెట్టీ. డెబ్బై దాటిన మనిషి. నీడవైపే పుట్టి పెరిగింది, పెద్ద వీధిలో హార్డ్‌వేర్ కొట్టు నడిపేది. చేరిన కొత్తలో నేను ఊరి భవిష్యత్తు మీద స్లైడ్లు తయారుచేసుకుని వెళ్ళాను. ఆవిడ మొదటి స్లైడు చూసి, రంగులు బాగున్నాయంది. శనివారం ఒకసారి కొట్టుకి రమ్మని చెప్పింది.

వెళ్ళి కౌంటర్ వెనక స్టూలు మీద కూర్చున్నాను. పొద్దుటినుంచీ జనం మేయరుని తిట్టడానికి వస్తూనే ఉన్నారు. మా వీధిలో మంచు తియ్యలేదని ఒకరు, తీసిన మంచంతా మా గేటు ముందే పోశారని ఇంకొకరు. బెట్టీ ఎవరికీ అడ్డం చెప్పలేదు. పూర్తిగా విని, "నిజమే, అలా జరక్కూడదు" అని, గోడకి ఆనించిన కొత్తరకం పార తీసి చేతికిచ్చేది. దీని పిడి వంపుగా ఉంటుంది, నడుం నొప్పి రాదు అనేది. తిట్టడానికి వచ్చినవాళ్ళు పార కొనుక్కుని, థాంక్స్ చెప్పి వెళ్ళేవాళ్ళు.

మనం చదువుకునేటప్పుడు జనంతో ఎలా మెలగాలో ఒక సెమిస్టరంతా పాఠం చెబుతారు. ఆ పాఠంలో పార సంగతి ఎక్కడా ఉండదు. నా అభిప్రాయం అడిగితే, ఫిర్యాదు తెచ్చేవాళ్ళలో చాలామందికి వెంటనే పరిష్కారం అక్కర్లేదు. తాము చెప్పింది ఎవరో ఒకరు నిలబడి విన్నారని, ఉత్త చేతులతో ఇంటికి పోలేదని తెలిస్తే చాలు.

ఖాళీ స్థలం గొడవ

ఊరికి మంచు తోసే పెద్ద ట్రక్కు ఒకటుంది, ప్లౌ అంటారు. దాన్ని నడపడానికి ఇద్దరు డ్రైవర్లుండేవారు. ఒకతను రోజూ ఇంత దూరం రాలేనని కింద ఊళ్ళోనే గిడ్డంగిలో పని చూసుకున్నాడు. రే ఒక్కడూ మిగిలాడు. మితభాషి, భారీ మనిషి. తెల్లవారకముందే కింద ఊళ్ళో బయల్దేరి, కొండరోడ్డెక్కి వచ్చి, మేమంతా లేచేసరికి వీధుల్లో మంచు తోసిపెట్టేవాడు. అతను కూడా మానేస్తే ఊరి గతేమిటని నాకు గుబులుగా ఉండేది.

ఎండవైపు ఊరికి సొంత స్థలం ఒకటి ఖాళీగా ఉంది. అందులో ఊళ్ళో పనిచేసేవాళ్ళకి, అంటే డ్రైవరుకీ టీచర్లకీ నర్సుకీ, చిన్న చిన్న ఇళ్ళు కడదామని కౌన్సిల్ ముందు పెట్టాను. ఇందులో ఎవరికైనా ఏం అభ్యంతరం ఉంటుందిలే అనుకున్నాను.

మీటింగు రోజు హాలు నిండిపోయింది. ముందు లేచినవాడు డాక్టర్ హోలిస్. డాలస్‌లో పళ్ళ డాక్టరుగా చేసి రిటైరయ్యి, భార్య కేరల్‌తో ఎండవైపు ఇంట్లో స్థిరపడ్డాడు. ఆ ఖాళీ స్థలం ఆయన కిటికీ ఎదురుగానే ఉంది. ఎల్క్ అనే పెద్ద కొమ్ముల జింకలు అక్కడికి మేతకొస్తాయి. వాటి ఫొటోలు పెద్దవి చేయించి అట్టలకి అతికించి తెచ్చాడు. ఇళ్ళు కడితే ఎల్క్‌ల మనసు కష్టపడుతుందని చెప్పాడు. పళ్ళు పీకే ముందు మాట్లాడినంత మెత్తగా చెప్పాడు.

ఆయన తర్వాత ఒకావిడ లేచి, టీచర్లంటే తనకెంతో గౌరవమని, అయితే గౌరవం దూరంనుంచి కూడా ఉండొచ్చని అంది. ఇంకో పెద్దమనిషి ఆ ఇళ్ళని భూమిలోపల కట్టడానికి వీలవుతుందా అని అడిగాడు. పోనీ నీడవైపు కడదామా అంటే ఆ ఒడ్డువాళ్ళు లేచారు. తమకి వచ్చేదే కాస్త ఎండ, దానికి కూడా అడ్డమొస్తారా అని వాళ్ళ బాధ. ఇళ్ళు అవసరమేనని మాత్రం అందరూ ఒప్పుకున్నారు. మరింత అధ్యయనం చెయ్యాలని కౌన్సిల్ తీర్మానించింది. ఆ మాటకి అర్థం ఏమిటో, అనన్యా, నీకు మొదటి నెలలోనే తెలిసిపోతుంది.

ఇంటికొచ్చి ఇదంతా చెబితే మావారు అన్నం కలుపుతూ, "మనకి కిరాయికి ఇల్లు దొరికినప్పుడు ఆ జింకల్ని అడగలేదుగా, అదృష్టం" అన్నారు.

రోడ్డు మూసుకున్న రోజు

ఆ చలికాలం మధ్యలో ఒక పెద్ద తుఫాను వచ్చింది. తెల్లారేసరికి మా వీధిలో కార్లు కనపడలేదు, కార్లు ఉండాల్సినచోట తెల్లటి గుట్టలున్నాయి. రే ఫోన్ చేశాడు. కొండ మీద నుంచి మంచు చరియ విరిగి రోడ్డుకి అడ్డంగా పడిందని, కిందే గేటు వేసేశారని, తనని పైకి వదలడం లేదని చెప్పాడు. రోడ్డు ఎప్పుడు తెరుస్తారంటే ఎవరూ చెప్పలేకపోతున్నారట.

"అంటే మీ ఊళ్ళో మంచు తీసే ఆయన మంచు వల్ల రాలేకపోయాడు. అంతేనా?" అన్నారు మావారు.

అంతే. ఊరంతా పూడుకుపోయింది. ట్రక్కు మాత్రం గ్యారేజీలో పొడిగా, శుభ్రంగా నిలబడి ఉంది.

నేను మోకాళ్ళలోతు మంచులో పడుతూ లేస్తూ గ్యారేజీకి చేరేసరికి బెట్టీ అక్కడే ఉంది. పోయిన భర్త కోటు తొడుక్కుంది, చంకలో కాఫీ ఫ్లాస్కుంది. వయసులో ఉన్నప్పుడు ఆవిడ ఇలాంటి ట్రక్కులే నడిపేదట, ఆ లైసెన్సు పట్టుదల కొద్దీ ఇప్పటికీ రెన్యూ చేయించుకుంటూనే ఉందట. "నువ్వు పక్కన కూర్చో. మంచు కింద ఏది ఎక్కడుందో నువ్వు చెప్పు, మిగతాది నేను చూసుకుంటా" అంది.

నేను చెప్పాను. ఇక్కడ ఫైరు కుళాయి ఉంది, ఇక్కడ మలుపు, ఇది పోస్టు డబ్బా అన్నాను. పోస్టు డబ్బా సంగతి కొంచెం ఆలస్యంగా చెప్పినట్టున్నాను, బెట్టీ వెనక్కి తిరిగి చూడలేదు. 'మా ఊరికి స్వాగతం' అన్న బోర్డుని మంచు కింద పూర్తిగా కప్పెట్టేసింది. ఇవాళ వచ్చేవాళ్ళెవరూ లేరులే అంది.

పెద్ద వీధి సగం అయ్యేసరికి క్లినిక్ నుంచి నర్సు ఫోన్ చేసింది. తుఫాను వస్తుందని తెలిసి ఆ అమ్మాయి ముందురోజు ఇంటికి పోకుండా అక్కడే ఉండిపోయింది. హోలిస్ గారి భార్య మెట్ల మీద జారిపడిందని, చెయ్యి విరిగినట్టుందని, ఆంబులెన్సు ఆ ఎత్తు ఎక్కలేకపోతోందని చెప్పింది. బెట్టీ వెంటనే ట్రక్కుని ఎండవైపు తిప్పింది.

ఆ ఎత్తు ఎక్కడం మామూలు విషయం కాదు. రెండుసార్లు చక్రాలు జారి వెనక్కి వచ్చాం. నేను కళ్ళు మూసుకుని తిరుపతి వెంకన్నకి చెప్పుకున్నాను. మూడోసారి ఎక్కాం.

కేరల్ వరండాలో దుప్పటి కప్పుకుని కూర్చుంది. చేతిని వంటింటి తువ్వాలుతో మెడకి కట్టుకుంది. మొహం పాలిపోయి ఉంది కానీ నోరు బాగానే పనిచేస్తోంది. డాలస్‌లో స్నేహితులకి ఫొటో పెట్టాలి, మంచు ఎంత లోతుందో కర్రతో కొలువు అని భర్త అంటే, కొలవబోయి పడిందట. "లోతైతే తెలిసింది" అంది.

ట్రక్కు ముందు సీటులో ముగ్గురికే చోటుంది. కేరల్‌ని మా ఇద్దరి మధ్య జాగ్రత్తగా కూర్చోబెట్టాం. ఆమె హ్యాండ్‌బ్యాగు చేత్తో పట్టుకుని హోలిస్ కూడా ఎక్కబోయాడు. బెట్టీ తలుపు దగ్గరికి వంగి, "డాక్టర్ గారూ, మీరు వెనక నడిచి రండి. దారి శుభ్రంగా ఉంటుంది" అని చెప్పి ట్రక్కు కదిల్చింది.

దిగుతున్నంతసేపూ కేరల్ నొప్పి ఓర్చుకుంటూ అటూ ఇటూ చూస్తోంది. తమ వీధిని ఇంత ఎత్తునుంచి ఎప్పుడూ చూడలేదట. రోజూ దీన్ని నడిపేదెవరని అడిగింది. రే అని చెప్పాను. అతనుండేదెక్కడని అడిగింది. కిందనున్న ఊళ్ళో, గంటకు పైగా దూరంలో అన్నాను.

"మరి ఇక్కడే ఉండొచ్చు కదా?" అంది.

నేను అద్దంలోకి చూశాను. ట్రక్కు తోసిన దారిలో, రెండు మంచు గోడల మధ్య, డాక్టర్ హోలిస్ భార్య హ్యాండ్‌బ్యాగు భుజానికి తగిలించుకుని జాగ్రత్తగా అడుగులేస్తూ వస్తున్నాడు. బెట్టీ గడ్డంతో అద్దం వైపు చూపించి, "ఆయన్ని అడుగమ్మా" అంది.

క్లినిక్ చేరేదాకా కేరల్ అద్దంలోకే చూస్తూ కూర్చుంది. ఇంటికెళ్ళాక వాళ్ళిద్దరి మధ్యా ఏం సంభాషణ జరిగిందో నాకు తెలీదు. తెలుసుకోవాలని మాత్రం ఇప్పటికీ ఉంది.

అందరికీ కావలసిన పొరుగు

రోడ్డు తెరిచారు, రే వచ్చాడు, బెట్టీ ట్రక్కుతో ఎగరగొట్టిన పోస్టు డబ్బా వాగు పక్కన దొరికింది. ఇళ్ళ విషయం మళ్ళీ కౌన్సిల్ ముందుకొచ్చింది. కేరల్ చేతికి కట్టుతో ముందు వరసలో కూర్చుంది. హోలిస్ లేచాడు. ఈసారి ఫొటోల్లేవు.

తాను బాగా ఆలోచించానని, ఇళ్ళు కట్టాల్సిందేనని చెప్పాడు. అయితే ఒక షరతు పెట్టాడు. "ఆ ప్లౌ డ్రైవరు ఇల్లు సరిగ్గా మా ఇంటి పక్కనే ఉండాలి."

హాల్లో అందరికీ ఒకేసారి అర్థమైంది. డ్రైవరు ఎవరి పక్కన ఉంటే పొద్దున్నే ముందు తెరుచుకునేది వాళ్ళ వీధే.

అంతే, అప్పటిదాకా వద్దన్నవాళ్ళందరూ కావాలన్నారు. గౌరవం దూరంనుంచి ఉండొచ్చన్న ఆవిడ తన గెస్ట్‌హౌస్ ఉత్తినే ఇస్తానంది. భూమిలోపల కట్టమన్న పెద్దమనిషి, తన వీధిలో అయితే రెండంతస్తులు కట్టినా ఫరవాలేదన్నాడు. ఎండవైపువాళ్ళు ఇన్నాళ్ళూ అనుభవించింది చాలు, డ్రైవరైనా మాకు దక్కాలని నీడవైపువాళ్ళు లేచారు. టీచర్లనీ నర్సునీ ఎవరూ తలుచుకోలేదు. నేను మైకులో ఏదో చెప్పబోయాను, ఎవరికీ వినపడలేదు.

బెట్టీ వాళ్ళందర్నీ అరవనిచ్చింది. అలిసిపోయాక, "రేని ఎవరైనా అడిగారా?" అంది.

ఎవరూ అడగలేదు. మర్నాడు నేను గ్యారేజీకి వెళ్ళి అడిగాను. రే చక్రానికి గొలుసు బిగిస్తూ విన్నాడు. ఇల్లంటే సంతోషమే, తన భార్యకైతే మరీ సంతోషం అన్నాడు. కానీ ఎండవైపు మాత్రం ఉండనన్నాడు. "విజయా, నేనక్కడుంటే పొద్దున్న కాఫీ తాగేలోపు ఊళ్ళో సగంమంది నా వరండాలో నిలబడతారు. బూట్లు విప్పాక నన్నెవరూ పిలవని చోటు కావాలి నాకు." గ్యారేజీ వెనక నీడవైపు చిన్న స్థలం ఉంది, అది చాలన్నాడు.

అక్కడ చలికాలంలో వారాల తరబడి ఎండ రాదని గుర్తుచేశాను.

"ఎండొచ్చే టైముకి నేనెప్పుడూ నిద్రలోనే ఉంటాగా" అన్నాడు.

అలాగే కట్టాం. కట్టడం అని ఒక్క ముక్కలో రాశాను కానీ, దానికి పట్టిన కాలంలో నా జుట్టు సగం తెల్లబడింది. ఎండవైపు స్థలంలో టీచర్లూ నర్సూ దిగారు. డాక్టర్ హోలిస్ పక్కింటికి బళ్ళో బ్యాండు నేర్పే మేష్టారు వచ్చాడు. సాయంత్రం పూట ట్రాంబోన్ అనే పెద్ద బూరా సాధన చేసేవాడు. ఎల్క్‌ల మనసు మాత్రం ఏమీ కష్టపడలేదు. ట్రాంబోన్ మొదలవగానే తలలెత్తి చూసి, మళ్ళీ మేతలో పడేవి.

ఇలాంటి పనికి ఎవరైనా దండ వేస్తారని ఎదురుచూడొద్దు. జనం మనసు మార్చింది నా వాదన అనుకుంటే అది కూడా పొరపాటే. నేను చెప్పిన లెక్కలన్నీ విని కదలనివాళ్ళు, తమ వీధి ముందు తెరుచుకుంటుందనగానే కదిలారు. నాకు మొదట్లో అది చిన్నతనంగా తోచింది. తర్వాత్తర్వాత అనిపించింది, ఎవరి గుమ్మంలోంచి వాళ్ళు చూస్తారు, మన పని వాళ్ళని గుమ్మం దాటించి నాలుగడుగులు బయటికి తీసుకురావడమే.

కొత్త చలికాలం

మళ్ళీ మంచు మొదలైంది. కొండరోడ్డు మళ్ళీ మూసుకుంది. కానీ జనం లేచేసరికి వీధులన్నీ నల్లగా, శుభ్రంగా కనపడ్డాయి. ఆ నెల మీటింగులో ఎవరైనా ఈ సంగతి ఎత్తుతారని చూశాను.

ఎత్తారు. డాక్టర్ హోలిస్ మైకు దగ్గరికి వచ్చాడు. ప్లౌ చప్పుడు చాలా ఎక్కువగా ఉందని, తెల్లవారకముందే నిద్ర చెడిపోతోందని, ఆ పని కాస్త నెమ్మదిగా, పొద్దెక్కాక చేస్తే బాగుంటుందని మర్యాదగా విన్నవించుకున్నాడు. బెట్టీ మొహంలో ఏ భావమూ లేదు. నేను రాసుకున్నట్టు నటించాను.

వెనక వరసలో రే లేచాడు. భార్యతో వచ్చి కూర్చున్నాడు. అంతకుముందు ఎప్పుడైనా మీటింగుకి వస్తే ఉద్యోగిగా గోడ పక్కన నిలబడి, అడిగినదానికి జవాబిచ్చి వెళ్ళేవాడు. ఊరివాళ్ళకి కేటాయించిన సమయంలో అతను మాట్లాడడం అదే మొదలు. మాట్లాడేవాళ్ళు ముందు పేరూ అడ్రసూ చెప్పాలని అక్కడ నియమం. రే పేరు చెప్పాడు. వీధి పేరు, ఇంటి నంబరు చెప్పాడు.

"డాక్టర్ గారు చెప్పింది న్యాయంగానే ఉంది. రేపట్నుంచి ఆయన వీధి ఆఖర్న చేస్తాను. మధ్యాహ్నం భోజనం అయ్యాక" అన్నాడు.

కేరల్ భర్త చొక్కా పట్టుకుని లాగింది. హోలిస్ మళ్ళీ మైకు దగ్గరికి నడిచి, ఫిర్యాదు వెనక్కి తీసుకుంటున్నానని చెప్పాడు. హాలంతా నవ్వింది, ఆఖరికి ఆయన కూడా నవ్వాడు.

మీటింగు విశేషాలు రాసుకునే క్లర్కు మాత్రం తలెత్తి, నవ్వులో తనకి అడ్రసు సరిగ్గా వినపడలేదని, ఇంకోసారి చెప్పమని రేని అడిగింది. రే అప్పటికే కూర్చోబోతున్నాడు. మళ్ళీ లేచి, టోపీ తీసి చేత్తో పట్టుకుని, మైకు దాకా నడిచి వెళ్ళాడు. ఈసారి జిప్ కోడ్‌తో సహా చెప్పాడు.